ఎండకు ఓర్చిన గింజను

నన్ను సరాయా అంటారు. ఒమన్ నాటు గోధుమను. ఎన్ని తరాల రైతులు నన్ను విత్తారో లెక్కలేదు. హజర్ కొండల నేల అడుగున దొరికే నీటిని ఫలజ్ అనే కాలువ వాలు వెంట ఊళ్ళోకి నడిపిస్తుంది. నిజ్వాలోని దారిస్‌తో సహా అలాంటి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. పగలు నీడ కొలిచి, రాత్రి చుక్కలు చూసి వంతులు పంచేవారు. ఆ వంతు నీటితోనే పెరిగాను.

నీళ్ళు తగ్గిన ఏడు మొదటి వేటు నాకే. ఖర్జూర చెట్టు ఎండిపోతే మళ్ళీ కాపుకు ఏళ్ళు పడుతుంది కదా! అందుకని నీళ్ళు చెట్లకు పోయేవి, నా మడులు బీడు పడేవి. దానికి నేనెన్నడూ కోపగించుకోలేదు. వాన పడగానే దాచిన విత్తులు తీసి మళ్ళీ చల్లేవారు.

నా మనసు విరిగింది తరవాతే. చమురు డబ్బుతో పాటు పరదేశపు పిండి బస్తాలు వచ్చాయి. పిల్లలు మస్కట్‌కు కొలువులకు వెళ్ళారు. విత్తనానికని ఉంచిన నన్ను ఒక ఇంట్లో మూలకు తోశారు. పురుగు పట్టింది. ఎవరూ ఎండబెట్టలేదు, చెరగలేదు. చివరికి కోళ్ళకు పోశారు. ఆ ఇంటి మడుల్లో వేడికీ ఉప్పునీటికీ ఓర్చుకుంటూ తరతరాలుగా నేర్చుకున్నదంతా ఆ గింజలతోనే పోయింది.

నవంబరులో విత్తితే మార్చి, ఏప్రిల్‌లలో కోతకొస్తాను. గింజ పాలు పోసుకునేటప్పుడు చల్లదనం కావాలి. ఎండ ముందే ముదిరితే గింజ నిండకుండానే కంకి పండిపోతుంది. రాత్రీ వేడి దిగకపోతే పగలు కూడబెట్టుకున్నది ఊపిరికే ఖర్చవుతుంది. 2018 జూన్ 26న ఒమన్‌లోని ఖురయ్యాత్‌లో వేడి రాత్రంతా 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. అప్పటికి నా కోతలు అయిపోయినా, ఆ కబురుకు భయం వేసింది. భూమి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే ప్రపంచ గోధుమ దిగుబడి సుమారు 6 శాతం తగ్గుతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

2022 మార్చిలో భారతదేశంలో 122 ఏళ్ళలో ఎన్నడూ లేనంత ఎండ కాసింది. పంజాబ్ పొలాల్లో నా చుట్టాల గింజలు ముడుచుకుపోయాయి. మే 13న భారత్ గోధుమ ఎగుమతులను నిషేధించింది. గోధుమలు దాదాపు అన్నీ బయటినుంచే తెచ్చుకునే ఒమన్‌కు అది చిన్న దెబ్బ కాదు. ఇప్పుడు ఒమన్‌లోనే ధోఫార్ ప్రాంతంలోని నజ్ద్ ఎడారిలో భూగర్భజలం తోడి గోధుమ పండిస్తున్నారు. సంతోషమే. కానీ ఆ నీరు తరగనిది కాదు.

నా విత్తనాలు కొన్ని శీతల గదుల్లో భద్రంగా ఉన్నాయి. అది చాలదు. గదిలోని గింజకు ఈ ఏటి ఎండ తెలియదు. ఫలజ్ కింద నాలుగు మడుల్లోనైనా ఏటేటా నన్ను విత్తండి, నిలిచిన కంకుల నుంచే మరుసటి ఏటికి విత్తనం తీయండి.