ఒక బుష్ వేస్తే పోలా!

ఈ మధ్య నాకు ఒళ్లు మండించే మాట ఒకటే: "దానికేముందండీ, ఒక బుష్ వేస్తే పోలా!" బాలానగర్ లేత్ షాపుల్లో ఎవర్ని కదిపినా ఇదే. సిలిండర్ పెద్దదైందా, బుష్. బేరింగ్ బెజ్జం పక్కకు జరిగిందా, బుష్. ఆ బుష్, అంటే బెజ్జంలో బిగించే గొట్టంముక్క, వేయాలంటే ఉన్న బోరు ఇంకా పెద్దది చేయాలి, అదీ సెంటర్ తప్పకుండా. సెంటర్ తప్పకుండా బోరు వేయడమే వస్తే నాకు బుష్‌తో పనేమిటి?

నేను కడుతున్నది అరచేతిలో పట్టే ఆవిరి ఇంజను. బోరు 19 మి.మీ. ఉండాలి, నాది 19.6 దగ్గర శాంతించింది. పోన్లే, పిస్టన్‌నే కాస్త లావుగా తిప్పుకుంటే సరి. కవరుకి ఆరు బెజ్జాలు ఎడాపెడా పడ్డా దిగులు లేదు. ఆ కవర్నే సిలిండర్ మీద పెట్టి డ్రిల్ చేస్తే కిందా అవే వంకర్లు పడతాయి. ఇక కవరు ఒక్క తీరుగానే కూర్చుంటుంది కాబట్టి గుర్తుగా పంచ్‌తో ఓ చుక్క. ఆ చుక్క డిజైన్లోదే అని చూసేవాళ్లు అనుకుంటారు. అనుకోనీ.

మరలు కోసే ట్యాపు విరిగితే మాత్రం బుష్ కూడా ఆదుకోదు. గన్‌మెటల్ వాల్వ్ చెస్ట్‌లో మరలు కోస్తుంటే 2.5 మి.మీ. ట్యాపు 'టిక్' మంది. డ్రిల్‌తో తీద్దామంటే డ్రిల్ కంటే అదే మొండిది. దీనికి మందు పటిక. వేడి పటిక నీళ్లు ఉక్కుని తినేస్తాయి, గన్‌మెటల్ జోలికి పోవు. పోత ఇనుములో విరిగితే ఈ వైద్యం చేయకూడదు, రోగంతోపాటు రోగీ కరిగిపోతాడు.

పటికంటే తక్కువదా? వరద నీళ్ల బిందెలో తిప్పితే బురద అడుక్కి దిగేది. మంగలి షాపులో గడ్డం మీద చుర్రుమనేది. గుమ్మానికి కడితే దిష్టి పట్టేది. బజారుదాకా పోయే ఓపిక లేక గుమ్మానిదే విప్పాను. గాజు గిన్నెలో మరిగే నీళ్లు, అందులో పటిక, అందులో వాల్వ్ చెస్ట్. చల్లారినప్పుడల్లా మళ్లీ వేడి. కాసేపటికి ట్యాపు నల్లబడి చుట్టూ సన్నటి బుడగలు.

"ఏవండీ, గుమ్మానికి పటిక ఏదీ?"

"ట్యాపుకి దిష్టి తగిలింది, తీస్తున్నా."

"తగిలింది ట్యాపుకి కాదు," అంది మా ఆవిడ.

పక్కింటి పిన్నిగారు గిన్నెలోకి తొంగిచూసి, ఇన్ని బుడగలొస్తే దిష్టి గట్టిదేనని తేల్చి, ఎర్రనీళ్లు కూడా తీయమన్నారు. గిన్నెలో నీళ్లు సింకులో పోయొద్దట, మూడుదారుల కూడలిలో పారబోయాలట. పారబోశాను. వాదించే ఓపిక ఎవరికుంది?

ఇక బోరు సంగతంటారా, జేమ్స్ వాట్ అంతటివాడు సిలిండర్ సందుల్లో కార్కు, నూనె గుడ్డలు, చివరికి గుర్రప్పేడ కూడా కూరి చూశాడు. విల్కిన్సన్ బోరింగ్ మిషన్ పుణ్యమా అని ఆ బాధ తీరింది. 50 అంగుళాల సిలిండర్లో తేడా పాత షిల్లింగ్ మందం కూడా లేదని 1776లో వాట్ భాగస్వామి బోల్టన్ మురిసిపోయాడు. నా తేడా షిల్లింగ్ కంటే పల్చనే. బోరు ఎంతని మాత్రం అడక్కండి.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నాది ఇన్‌స్పెక్షన్. వెర్నియర్ పెట్టడం, కొలత తప్పితే ఎర్ర రంగు పూసి పక్కన పడేయించడం. ముక్క పట్టుకుని వెనక్కి పోయే మనిషి మొహం ఎప్పుడూ చూళ్లేదు. "ఇంకోసారి చూడండి సార్" అనేవాళ్లు. రెండోసారి చూసినంత మాత్రాన కొలత మారదని వాళ్లకి నాకంటే బాగా తెలుసు. అయినా అడిగేవాళ్లు. ఎందుకడిగేవాళ్లో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఎర్ర రంగు డబ్బా ఒకటి ఇంట్లో ఇంకా ఉంది. ఫ్లైవీల్‌కి వేద్దామనుకుంటున్నాను. పుట్టీ పెట్టిన చోట్లు కనపడవు.