నీళ్లు చూసినందుకు ఎక్‌స్ట్రా

రాజమండ్రిలో పుట్టినవాడికి నీళ్లు చూడ్డానికి డబ్బు కట్టే అలవాటుండదు. కోటిలింగాల రేవు మెట్ల మీద కూర్చుంటే గోదారంతా ఉచితం. మహా అయితే ఓ బఠాణీల పొట్లం ఖర్చు. అలాంటి నాకు ఓడ టిక్కెట్లమ్మే కుర్రాడు ఫోన్ చేసి, "మాస్టారూ, మీరు తీసుకున్న గది ఇంటీరియరండి, కిటికీ ఉండదండి. ఇంకాస్త కడితే ఓషన్ వ్యూ అండి, ఆ పైన ఇంకాస్త కడితే బాల్కనీయేనండి, ఆయ్!" అన్నాడు.

ఆ రెండు 'ఇంకాస్త'లూ కలిపితే ఎంతో విని, మా ఆవిడ వెంటనే లెక్క తేల్చేసింది: ఏడాదికి సరిపడా బియ్యం, ఆపైన ఆవకాయ సామాను.

ఈ తంటా అంతా విశాఖకి విహార ఓడలు రావడంతో మొదలైంది. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ వచ్చి జనాన్ని చెన్నై దాకా తిప్పింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ అది. అప్పట్లో బాల్కనీ అంటే ఏ కొద్దిమంది షావుకార్లకో. ఇప్పటి కొత్త ఓడలు చూడండి, అంతస్తు అంతస్తుకీ బాల్కనీలతో మన అపార్టుమెంటుని తెచ్చి సముద్రంలో నిలబెట్టినట్టుంటాయి.

అంతకుముందు సంగతి వేరు. కాకినాడ నుంచి రంగూన్ వెళ్లిన మన తాతల్లో చాలామందిది డెక్ టిక్కెట్టు. ఎండా వానా గాలీ అన్నీ చూసుకుంటూ మూటల మీద పడుకుని పోయేవారు. వాళ్లకి ఓడ మొత్తం బాల్కనీయే, గదే లేదు. బర్మాలో మనవాళ్లని 'కోరంగీలు' అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. ఆ కోరంగీల మనవణ్ణి నేనిప్పుడు గాలి కోసం అదనంగా కట్టాలా వద్దా అని తల పట్టుకున్నాను.

లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కనక కాగితం పెన్సిలు తీశాను. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. పైకి పోయేకొద్దీ, ముందు కొసకి పోయేకొద్దీ ఎక్కువ. బాల్కనీ గదులు ఎక్కువగా ఉండేది పైనే. అంటే కడుపులో తిప్పడానికి కూడా మనమే ఎక్కువ కట్టాలన్నమాట.

అయినా ఆశ చావలేదు. మా బావమరిది కరీబియన్‌లో ఓడ బాల్కనీలో నిలబడి తీయించుకున్న ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందులో సముద్రం బొటనవేలంత, వాడి పూల చొక్కా మిగతాదంతా. బాల్కనీల అసలు ప్రయోజనం అదేనని నా అనుమానం.

ఆఖరి అస్త్రం వదిలాను. "విశాఖ నుంచి దక్షిణానికి పోతుంటే ఒడ్డు కుడిచేతి వైపే. కుడివైపు బాల్కనీ తీసుకున్నామంటే కోరంగి, అంతర్వేది, మీ పుట్టింటి కొబ్బరిచెట్లు, అన్నీ సముద్రంలోంచి చూడొచ్చు."

"మా పుట్టిల్లు చూడ్డానికి విశాఖపట్నం వెళ్లి ఓడెక్కాలేంటండీ? నర్సాపురంలో పంటు ఎక్కితే అవతలి ఒడ్డే సఖినేటిపల్లి. ఎక్కడ నుంచున్నా ఒకటే రేటు."

పైగా నా లెక్కే నాకు ఎదురుతిరిగింది. 15 నాట్ల వేగమంటే గంటకి దాదాపు 28 కిలోమీటర్లు. అంతర్వేది ఎదురుకి సుమారు 230. రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే అక్కడికి చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. నీటికి 20 మీటర్ల ఎత్తున నిలబడ్డా చూపు 16 కిలోమీటర్లకి మించి ఆనదు. ఓడ ఇంకా ఎడంగా పోయిందంటే కనపడేది లైట్‌హౌస్ దీపం ఒక్కటే.

"నాలుగింటికి ఆ దీపం కూడా మీకు వద్దు, గురక చాలు" అని ఆవిడ ఫోన్ అందుకుంది. "బాబూ, ఆ బాల్కనీలో తాడు కట్టుకోవచ్చా?"

"తాడు దేనికమ్మా?"

"తడిబట్టలకి."

"కట్టనివ్వరండి. రెయిలింగు మీద తువ్వాలు కూడా వెయ్యకూడదండి, గాలికి ఎగిరిపోద్దండి."

"మరింక బాల్కనీ ఎందుకు?"

దీనికి కుర్రాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. బేరం చెయ్యిజారుతోందని అతను గొంతు తగ్గించాడు. "పోనీ కిటికీ గదుల్లో చవగ్గా ఒకటుందమ్మా. ముందే చెప్పేస్తున్నానండి, కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతుంటదండి. సముద్రం సగమే కనపడుద్దండి. దానికి గిరాకీ ఉండదండి."

మా ఆవిడ సోఫాలో ముందుకి జరిగింది. "కిటికీకి ఎదురుగానే పడవా?"

"ఆయ్, ఎదురుగానేనండి."

"ఎంతమంది పడతారు?"

"నూటయాభై మంది దాకా పట్టేవి కూడా ఉంటాయండి. కానీ అమ్మా, ఎవరికి ఏ పడవన్నది ఓడవాళ్లే చెప్తారండి. మీకిచ్చేది అదే అవ్వాలని..."

"అవన్నీ ఎక్కాక చూసుకుంటాంలే. ఆ గది మాకు రాసెయ్యి. ఇంకెవరికీ చెప్పకు."