రూపాయిన్నర స్వరాజ్యం

లెక్కతో మొదలుపెడదాం. ఢిల్లీవాళ్లకు లెక్కంటే భక్తి గనక.

పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఐదేళ్లకుగాను దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు ఇమ్మన్న గ్రాంటు 2,36,805 కోట్ల రూపాయలు. అంకె చూస్తే లేచి దండం పెట్టాలనిపిస్తుంది. లేవకండి. కూర్చునే భాగించండి. 2011 జనగణన ప్రకారం పల్లెల్లో ఉన్నది 83 కోట్ల పైచిలుకు జనం. తలకు ఏడాదికి 570 రూపాయలు కూడా నిండవు. రోజుకు రూపాయిన్నర, ఆపైన ఐదారు పైసలు. పైసలు ఎలాగూ చెల్లవు, వదిలేద్దాం.

రాష్ట్రాలకు పంచేటప్పుడు సంఘం చూసిందీ ఆ 2011 తలలనే. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఈపాటికి హైస్కూలుకు వచ్చారు. బడికి పోతూ మురుక్కాలువ దాటుతున్నారు. కాలువలో పడటానికి ఉన్నారు గానీ లెక్కలో లేరు.

పోనీ ఆ రూపాయిన్నరైనా మన చేతికొచ్చిందా? అందులో నూటికి అరవై వంతులు ముడివేసి పంపారు. సగం ముడి తాగునీటికీ, వాననీటి సంరక్షణకూ. సగం ముడి పారిశుద్ధ్యానికీ. నీళ్లూ శుభ్రతా వద్దనే మొండివాణ్ని కాను. నా బాధ మిగిలిన నలభై వంతుల గురించి. దాని పేరు షరతుల్లేని నిధి. షరతు ఒక్కటే: జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ వాడకూడదు. పెళ్లికొడుకు మంచివాడే గానీ కాస్త ఉల్లిపాయ తింటాడు అన్నట్టుంది. ఏంటండీ కాస్త అంటే, మాంసం తిన్నప్పుడు మాత్రమే. మాంసం ఎప్పుడు తింటాడండీ అంటే, కల్లు తాగినప్పుడు. ఆ నలభై వంతుల్లోనూ మండల పరిషత్తుకొక వాటా, జిల్లా పరిషత్తుకొక వాటా. తిలాపాపం తలా పిడికెడు. పల్లె తన ఇష్టానికి తాను ఖర్చు పెట్టుకునే స్వరాజ్యం రోజుకు, మనిషికి, అరవై పైసల లోపుకు దిగింది.

ఇప్పుడు మా ఊరి గ్రామసభకు రండి. అనంతపురం వైపు పల్లె. సభ జరిగేది చావడిలో. చావడి పైకప్పు సంగతి తర్వాత చెబుతా.

మొదట లేచింది ఒక ఆడమనిషి. పొదుపు సంఘం లీడరు. "సార్, చెనక్కాయలు యాపారికి తెగనమ్ముకుంటా ఉండాము. గానుగ ఒకటి పెట్టుకుంటే నూనె మేమే అమ్ముకుంటాము. షెడ్డూ, త్రీఫేజు కరెంటూ ఇప్పీండి."

పంచాయతీ కార్యదర్శి చెడ్డవాడు కాదు. పోర్టల్ నమిలేసిన మనిషి. "అమ్మా, అది నూనె. నాకు వచ్చేది నీళ్ల పద్దు."

"శానిటేషన్ కింద పెట్టలేరా సార్?"

"గానుగ పిండి రోడ్డు మీద పారబోస్తే పెట్టగలను. ఎత్తిపోయడానికి."

తర్వాత ఐటీఐ దాకా పోయి తిరిగొచ్చిన పిల్లవాడు. "అన్నా, బోరు మోటార్లు కాలితే రివైండింగుకు టౌనుకు ఎత్తకపోవల్ల. ఇక్కడే పదిమందికి నేర్పీండి. పనీ దొరుకుతాది, పైరూ ఎండదు."

కార్యదర్శి నిజంగానే వెతికాడు. నైపుణ్య శిక్షణ ఇంకో శాఖది, ఇంకో పథకం, ఇంకో కార్యాలయం. చివరికి మొహం వెలిగింది. "కుట్టు మిషన్ శిక్షణ ఉంది. చేరతావా?" వాడు మీసం తడుముకుని కూర్చున్నాడు.

ఈ కుట్టు మిషన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన ప్రభుత్వాల దృష్టిలో పల్లె నైపుణ్యమంటే కుట్టు మిషన్. ఏ పార్టీ వచ్చినా, ఏ పథకం పెట్టినా, అది నవ్వుతూ మళ్లీ దిగుతుంది. కరువొస్తే కుట్టు మిషన్, గని మూతపడితే కుట్టు మిషన్, మొగుడు పోతే కుట్టు మిషన్. మా వీధిలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉన్న ఇళ్లు పదకొండు. అందరూ కుట్టేవాళ్లే, కుట్టించుకునేవాళ్లే కరువు. రెడీమేడ్ జాకెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లలో శిక్షణ ఇచ్చిన మేడమ్ కూడా ఉన్నారని వినికిడి.

మూడోవాడు తాత. కర్ర పైకెత్తి కప్పు చూపించాడు. "నాయనా, ఈ చావడి కారతా ఉండాది. పడేలోపల ఏదో ఒకటి చేయి."

"తాతా, కొత్తది కట్టడానికైతే రాయొచ్చు. రిపేరుకు పద్దు లేదు. కూలిపోతే చెప్పు, వెంటనే రాద్దాం."

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ ముగ్గురూ తెలియక అడిగింది రాజ్యాంగాన్నే. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాసిపెట్టింది. ఎనిమిదోది చిన్న పరిశ్రమలు, ఆహారశుద్ధితో సహా. అంటే గానుగ. పద్దెనిమిదోది సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య. అంటే మోటారు రివైండింగ్. ఇరవై తొమ్మిదోది ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ. అంటే తాత చావడి. మరి అధికారం? 243జి అధికరణం చదవండి. ఈ అంశాలపై పంచాయతీలకు అధికారాలు రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వవచ్చునట. ఇవ్వాలి అనలేదు, ఇవ్వవచ్చు. ముప్పై ఏళ్లు దాటాయి. ఆ 'వచ్చు' ఇంకా వస్తూనే ఉంది.

సభలో మూడు కోరికలూ తీర్మానంగా రాశారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి రికార్డు పుస్తకానికి ఎక్కాం. సభ పెట్టడమే రికార్డు అయినచోట సభ అడిగింది జరగడం ఏ పుస్తకానికి ఎక్కాలో.

ఇచ్చేవాళ్ల ఔదార్యం ఇంతటితో ఆగదు. ఇచ్చింది వెనక్కి తీసుకునే కళకు సర్దుబాటు అని పేరు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా గెలిచిన సర్పంచులు అదే ఏడాది చివర్లో పంచాయతీ ఖాతాలు చూసుకుంటే ఆర్థిక సంఘం నిధులు మాయం. ఏమయ్యాయంటే, కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశాం అన్నారు. సర్పంచికి చెప్పలేదు, తీర్మానం అడగలేదు. వీధిదీపం మాడిపోయి మూడు నెలలైన వీధికి కూడా బిల్లు మాత్రం వెలిగింది. సర్పంచులు రోడ్డెక్కారు, కొందరు జోలె పట్టుకుని భిక్షాటన చేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా నివ్వదు అంటారు గానీ, ఇక్కడ అమ్మ ఆ రెండో పనికి అభ్యంతరం చెప్పలేదు.

తెలంగాణది ఇంకో రాగం. 2024 జనవరి ఆఖరుతో సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గం లేదు గనక కేంద్రం గ్రాంటు ఆపింది. ఎన్నికలు పెట్టాల్సింది ప్రభుత్వం, పస్తులుండాల్సింది ఊరు. అంతకుముందు పల్లె ప్రగతి రోజుల్లో పంచాయతీకొక ట్రాక్టరు కొనిపించారు. ట్రాక్టరుతో పాటు బ్యాంకు వాయిదాలు వచ్చాయి. డీజిలు రాలేదు. అప్పు తెచ్చి పనులు చేయించిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం ఆందోళనలు చేస్తే, అసెంబ్లీ దగ్గర దొరికింది పోలీసు వ్యాను. ఆ వ్యానులో మాత్రం డీజిలుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే గ్రాంటు ఏకగ్రీవ నజరానా. పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకుంటే బహుమతి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రేట్లు: 2 వేల లోపు జనాభాకు 5 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలు. ఇందాకటి లెక్క పట్టుకోండి. 1,500 మంది ఉన్న ఊరికి, దేశ సగటున, ఏడాది పొడుగునా సొంత ఇష్టానికి ఖర్చు పెట్టుకొమ్మని వచ్చింది మూడున్నర లక్షల లోపు. అదీ పై పరిషత్తుల వాటా తీయకముందు. ఆ ఊరే ఒక్కరోజు ఓటు వేయడం మానుకుంటే 5 లక్షలు. ప్రజాస్వామ్యం నడిపితే వచ్చేదానికన్నా మూసేస్తే వచ్చేదే ఎక్కువ. వ్యాపార దక్షత నేర్పడమంటే ఇదే కాబోలు; గానుగ అడిగిన ఆ లీడరమ్మ వినలేదు గానీ, విని ఉంటే చెనక్కాయలు మానేసి ఏకగ్రీవాలు ఆడించేది.

మురుక్కాలువ ఫొటోల సంగతి కూడా చెప్పాలి. ఆర్థిక సంఘం నిధులతో చేసే పనికి మూడు ఫొటోలు కావాలి: మొదలుపెట్టక ముందు, మధ్యలో, అయ్యాక. ఉపగ్రహం సాక్షిగా, అక్షాంశ రేఖాంశాలతో. మా ఊళ్లో ఒక కాలువ పూడిక నిజంగానే తీశారు. జీతం రాని కూలీలు, ఎండలో, శుభ్రంగా తీశారు. మొదటి ఫొటో తీయడం మరిచిపోయారు. ఏం చేస్తారు? తీసిన బురద రెండు బండ్లు మళ్లీ కాలువలో పోసి, ఫొటో తీసి, మళ్లీ ఎత్తారు. అవినీతి జరగకుండా చూసే యంత్రం కోసం నిజాయితీపరులు చేసిన మోసం అది. రెండోసారి ఎత్తినదానికి కూలి ఏ పద్దులో రాయాలన్నది ఇప్పటికీ తేలలేదు.

మొన్న మళ్లీ గ్రామసభ పెట్టారు. వాన. చావడి కప్పు నాలుగుచోట్ల కారుతోంది. తాత మాట్లాడలేదు. ఇంటినుంచి నాలుగు బిందెలు తెప్పించి ఒక్కో ధార కింద ఒకటి పెట్టి, కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. కార్యదర్శి బిందెల వంక చూశాడు, కప్పు వంక చూశాడు. మొహం, ఆ కుట్టు మిషన్ రోజు వెలిగినట్టే, వెలిగింది. "తాతా, బిందె తీయొద్దు," అని జేబులోంచి ఫోను తీశాడు. అక్షాంశం వచ్చింది, రేఖాంశం వచ్చింది. పద్దు: వాననీటి సంరక్షణ. ముడివేసిన నిధి. దశ: పనికి ముందు.