పక్కలైనాయన

తిరుమలలో లడ్డూ కౌంటర్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఆయన కంటబడతాడు. ఒక కాలు తన లైనులో, ఇంకో కాలు పక్క లైనులో ఉంటుంది. మెడ కొంగలా సాగి ఉంటుంది. చూపు మాత్రం ఎప్పుడూ పక్క కౌంటరు మీదే. భార్యను ఒక లైనులో, బావమరిదిని ఇంకో లైనులో నాటి, తాను మడికి నీళ్లు కట్టే రైతులా ఇటూ అటూ తిరుగుతుంటాడు. ‘ఈడ కదిల్తే కదా సామీ! ఆడ చూడు, ఎట్ల పోతా ఉండారో’ అని ముందున్నవాడికి చెప్పి, వాడు ఔనో కాదో అనేలోగా ఆడికి పోతాడు. ఆయన పోయిన మరుక్షణం ఆడ కౌంటర్లో సంచులు అయిపోతాయి. ఆయన వదిలిన లైను గంగమ్మ జాతరలో జనంలా ముందుకు సాగుతుంది. అలిపిరిలో బళ్ల తనిఖీ దగ్గరా ఈయనే, బస్టాండులో టికెట్ల దగ్గరా ఈయనే, ఆసుపత్రిలో ఓపీ చీటీల దగ్గరా ఈయనే. ఊరూ పేరూ ఏదైనా కానీ, మన సౌకర్యానికి పక్కలైనాయన అందాం. ఆయన్ని తొందరపాటు మనిషనో, తిక్క మనిషనో కొట్టిపారేయడం తేలిక. కానీ లోపం ఆయన ఒక్కడిది కాదు. మనందరి తలకాయలోనూ ఉన్న ఒక తప్పుడు తక్కెడను ఆయన నలుగురికీ కనబడేలా మోసుకు తిరుగుతున్నాడు, అంతే.

‘నేను నిలబడిన లైనే నిలిచిపోతుంది’ అనేది ఆయన జీవిత సిద్ధాంతం. ఇందులో సగం నిజమే, అదే తమాషా. మూడు లైన్లున్న చోట అన్నిటికంటే ముందు కదిలేది ఒక్కటే కాబట్టి, అది మనదయ్యే అవకాశం మూడింట ఒక వంతు. మిగతా రెండు వంతులు పక్కవాళ్లవే. కౌంటర్లు పది ఉంటే, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఎక్కడో ఒక చోట మనకంటే వేగమైన లైను ఉండి తీరుతుంది. దీనికి శనీ అక్కర్లేదు, పక్కింటివాళ్ల దిష్టీ అక్కర్లేదు, మూడో తరగతి లెక్క చాలు. తరగతిలో మొదటి ర్యాంకు రాని పిల్లలందరికీ ఏలినాటి శని పట్టిందని ఏ అయ్యవారూ అనడు. పక్కలైనాయన మాత్రం తన లైను గురించి అచ్చంగా అదే అంటాడు. ఎందుకంటే ఆయన తన లైనును సగటు లైనుతో పోల్చుకోడు. ఆ పూట ఏది గెలుస్తోందో దాన్ని వెతికి పట్టుకుని దానితోనే పోల్చుకుంటాడు.

లెక్క తప్పడం సరే, మరి కన్ను కూడా తప్పుతుందా? తప్పుతుంది. టొరంటో వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మైయర్, గణాంక శాస్త్రవేత్త రాబర్ట్ టిబ్షిరానీ కలిసి 1999లో ‘నేచర్’ పత్రికలో సరిగ్గా ఈ సంగతే రాశారు: రద్దీ రోడ్డు మీద పక్క వరస బళ్లే వేగంగా పోతున్నట్టు ఎందుకు అనిపిస్తుందని. చిత్తూరు రోడ్డు మీద బళ్లు ఆగి ఆగి పోతున్నాయనుకోండి. మెల్లగా పోయే బళ్లు ఒకదాని తోకకు ఒకటి అంటుకుని గుంపుగా ఉంటాయి. వేగంగా పోయేవి ఎడం ఎడంగా ఉంటాయి. అందువల్ల మనం పదిమందిని దాటేది ఒక్క గుక్కలో. ఆ పదిమంది మనల్ని దాటేది ఒక్కొక్కరుగా, తీరుబడిగా. చివరికి లెక్క చూస్తే అందరమూ ఒకే చోట ఉంటాం, కానీ ఓడిపోతూ గడిపిన కాలం గెలుస్తూ గడిపిన కాలం కంటే ఎక్కువ. దీనికి తోడు, మనం దాటినవాళ్లు వెనక్కి పోయి కంటికి కనబడరు. మనల్ని దాటినవాళ్లు మాత్రం కళ్లముందే, వీపు చూపిస్తూ నిలబడతారు. ఇక జ్ఞాపకం సంగతి చెప్పక్కర్లేదు. లైను మారి లాభపడిన రోజును పక్కలైనాయన ఇల్లు చేరేసరికి మరిచిపోతాడు. మారి మోసపోయిన రోజును మనవళ్లకు కూడా చెబుతాడు.

‘కొన్నిసార్లు పక్క లైను నిజంగానే వేగం కదా, మారితే తప్పేంది?’ అని ఆయన తరఫున ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆలస్యం నిజంగా నష్టమయ్యే చోట్లు ఉన్నాయి. మామిడి కాలంలో చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందర తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరతాయి. కాయ ఎండలో మగ్గిపోతుంటే, ఇంకో ఫ్యాక్టరీ దగ్గర బారు తక్కువగా ఉందని ఫోను వస్తే, ట్రాక్టరు తిప్పాలా వద్దా అని రైతు కొట్టుకులాడటం మెదడు చేసే మాయ కాదు, బతుకు లెక్క. కానీ లడ్డూకు మగ్గిపోయే తొందరేమీ లేదు. పైగా లైను మారినవాడు కొత్త లైనులో తోక దగ్గర చేరాలి. పాత లైనులో నిలబడిన అరగంట అసలు కూడా తిరిగిరాదు. పక్కలైనాయన వేగాన్ని చూస్తాడు, పొడుగును చూడడు. రైతు ఆ రెండూ చూస్తాడు, డీజిలు కూడా చూస్తాడు.

రోగం నిజంగా మెదడుదే అయితే అన్నిచోట్లా కనబడాలి కదా అని ఇంకో ఆక్షేపణ. దీనికి జవాబు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఉంది. అక్కడ కంపార్టుమెంటులో కూర్చోబెట్టాక పక్కలైనాయన వేరే మనిషి. పాలు తాగుతాడు, అన్నప్రసాదం తింటాడు, పక్కనున్న గుంటూరాయనతో పిల్లల సంబంధాలు మాట్లాడతాడు, గోవిందా అంటే గోవిందా అంటాడు. కౌంటరు దగ్గర పది నిమిషాలు ఓర్చుకోలేనివాడు ఇక్కడ గంటలు గంటలు ఓర్చుకుంటాడు. కారణం, పోల్చుకోవడానికి పక్క లైను కంటికి ఆనదు. క్యూల మీద పరిశోధించిన ఎంఐటీ ఆచార్యుడు రిచర్డ్ లార్సన్ 1987లోనే అన్నదేమంటే, మనిషిని బాధించేది ఆలస్యం ఒక్కటే కాదు, వెనక వచ్చినవాడు ముందు పోవడం. చేతికీ నోటికీ పని ఉన్న నిరీక్షణ, ఊరికే నిలబడ్డ నిరీక్షణ కంటే పొట్టిగా తోస్తుందని డేవిడ్ మైస్టర్ అనే ఇంకో పరిశోధకుడు 1985లో రాశాడు. ఇవేవీ చదవకపోయినా పాలగ్లాసు చేతికిచ్చే సేవకుడికి ఈ సంగతి తెలుసు. అయితే గేటు గొళ్లెం చప్పుడైతే చాలు, అందరికంటే ముందు లేచి నిలబడేది మళ్లీ ఆయనే.

ఇంతా చేసి, సన్నిధిలో దొరికేది కొన్ని క్షణాలు. ‘జరగండి, జరగండి’ అనే మాటల మధ్య కన్నార్పకుండా చూసి బయటికొస్తాడు. ఎట్లుందని అడిగితే ‘దర్శనం బ్రమ్మాండంగా అయింది’ అంటాడు. మరి క్యూలో గడిచిన పది గంటలు ఏమయ్యాయి? దీనికీ జవాబు చెప్పినవాళ్లలో ఆ రెడెల్‌మైయరే ఉన్నాడు. తర్వాత 2002లో నోబెల్ అందుకున్న డానియెల్ కానెమన్‌తో కలిసి 1996లో ఆయన రోగుల మీద చేసిన పరిశోధనలో తేలింది ఇది: బాధ ఎంతసేపు ఉందన్నది జ్ఞాపకంలో పెద్దగా నిలవదు, తారస్థాయి ఎంత, చివర ఎట్లా ముగిసింది అన్నవే నిలుస్తాయి. దీనివల్ల భక్తి చిన్నబోదు. ఆ క్షణం అంత పెద్దది కాబట్టే పది గంటలనూ మింగింది. కౌంటరు దగ్గర ఆయన్ని మోసం చేసే మెదడే ఇక్కడ ఆయనకు మేలు చేస్తుంది. అందుకే మళ్లీ ఏడాదికి కొండెక్కుతాడు, మళ్లీ మెడ సాచుతాడు.

కాబట్టి మీ ముందు పక్కలైనాయన నిలబడి ఉంటే విసుక్కోకండి, సలహాలివ్వకండి, ఆయన వెంట పోకండి. ఉన్నచోటే ఉండండి. ఆయన లైను మారిన ప్రతిసారీ మీరు ఒక మనిషి ముందుకు జరుగుతారు.