పక్షిబంధువు

ఎండలు ముదరగానే సికింద్రాబాద్ కాలనీల్లో ఒక్కో మేడ మీద ఒక్కో పక్షిబంధువు వెలుస్తాడు. పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడై ఉంటాడు. మేడ మీద కుండీల తోట, చేతిలో ఫోను తప్పనిసరి. వెడల్పాటి మట్టి మూకుడు కొని, పిట్టగోడ మీద పెట్టి, నీళ్లు పోస్తూ ఫొటో దిగి, ‘మూగజీవాల దాహం తీర్చండి’ అని కాలనీ గ్రూపులో పెడతాడు. మధ్యాహ్నానికల్లా దండాల బొమ్మలు కుప్పలు పడతాయి.

మూకుడుతో ఆయన బంధుత్వం అక్కడితో సరి. తగ్గితే పైనుంచి నీళ్లు పోస్తాడు తప్ప, పాతవి పారబోయడు. తోమడమంటారా, అది ఆయన సర్వీసులోనే లేదు. వారానికి అడుగున పాచి, అంచున పావురాల రెట్ట, మధ్యలో కాకి తెచ్చి నానేసుకున్న ఇడ్లీ ముక్క. నీళ్లలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతుంటాయి. మన నీడ పడితే చాలు, మెలికలు తిరుగుతూ అడుక్కి దిగుతాయి. “చూశారా, పిట్టలకు టిఫిను కూడా ఇక్కడే!” అని మురిసిపోతాడు.

దోమల తనిఖీకి వచ్చిన అమ్మాయి మురవలేదు. “గీ నీళ్లల్ల దోమపురుగులున్నయ్ సార్, పారబోస్తున్న” అంది.

“అమ్మాయ్! 1897లో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు పట్టుకున్నది ఈ సికింద్రాబాద్‌లోనే. మాకే దోమల గురించి చెబుతావా?”

“గా దొర చూసిన దోమ వేరే, గిది వేరే సార్. గిది డెంగీ దోమ. పగటిపూట కుడ్తది. ఇసొంటి మూకుట్లల్లనే గుడ్లు పెడ్తది.”

పక్షిబంధువు ఓడిపోయే రకం కాదు. చుక్క కిరోసిన్ వేద్దామన్నాడు. మరి పిట్టలేం తాగాలని భార్య అడిగింది. దోమపురుగులను తింటాయని గంబూసియా చేపలు తెచ్చి వదిలాడు. ఇడ్లీ కాకి ఆ పూట మాంసాహారం చేసింది. చివరికి నీళ్లు మార్చడానికి ఒప్పుకున్నాడు, తోమకుండా. ఇక్కడే ఆ దోమ మన పెద్దాఫీసరు కన్నా తెలివైనది. గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, మూకుడు గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి కదలవు. ఎండిపోయి నెలల తరబడి పడి ఉండి, నీళ్లు తగిలితే లేస్తాయి. మళ్లీ పోసిన నీళ్లలో మళ్లీ పురుగులు.

ఇప్పుడు ఆ మూకుడును ఆయన భార్యే రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో గోడలు, అంచులు గట్టిగా రుద్ది, కడిగి, వేళ్లు మునిగేంత లోతు నీళ్లు పోస్తోంది. సబ్బు వాడదు. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం, పదిరోజులు పడుతుంది కాబట్టి ఆ మేడ మీద పురుక్కి అంత గడువే దొరకడం లేదు. బుల్‌బుల్ పిట్టలు జంటగా వచ్చి స్నానాలు చేసిపోతున్నాయి.

ఫొటోలు మాత్రం యథాప్రకారం ఆయనవే. మీ గ్రూపులోనూ అలాంటి ఫొటో వస్తే, దండం పెట్టే ముందు ఆ మూకుడు ఎవరు తోముతున్నారో అడగండి.