చీపురుపల్లి కోడిమేత పద్యం: టీకా తాత్పర్యం

నూక తవుడు గంటి నూఱి చల్లిన నేమి
చిప్ప పొడియు లేక చిక్కు గాదె
చేరెడేసి మేత చీపురుపల్లిలో
కోడి పెట్టు గుడ్డు కూలి కోరు

టీక: నూక = మిల్లులో విరిగిన బియ్యము; తవుడు = బియ్యం తెల్లబరచగా రాలినది; గంటి = ఇతర జిల్లాలవారు సజ్జ అందురు; నూఱి = చితక్కొట్టి; చల్లినన్ + ఏమి = పెరడంతా జల్లితే మాత్రమేమి; చిప్పపొడియు లేక = ఆల్చిప్పల పొడి సైతము లేకున్న; చిక్కు + కాదె = ఇబ్బందే గదా; చేరెడేసి మేత = ఎవరి చేరెడో కవి చెప్పలేదు, అత్తగారి చేరెడు వేరు, కోడలి చేరెడు వేరు; కోడి = పెట్ట యని గ్రహించునది, పుంజుకు గుడ్డు అన్వయించదు; పెట్టు గుడ్డు కూలి = పెట్టిన గుడ్డుకు కూలిగా; కోరు = అడుగును.

తాత్పర్యం: గింజలు ఎన్ని జల్లినా సున్నం అందకపోతే పెట్టకు కష్టం. చీపురుపల్లి పెట్ట ఊరికే గుడ్డు పెట్టదు, కూలి అడుగుతుంది.

విశేషాలు: మొదటి పాదంలోని మూడూ ప్రధానంగా ఒంటికి సత్తువనిచ్చే తిండి. గుడ్డు కట్టడానికి అవి చాలవు. నూకలో మాంసకృత్తులు నూటికి ఏడో ఎనిమిదో; గుడ్లకోడి దాణాలో 16 నుంచి 18 ఉండాలి. మరి నాటుపెట్ట ఇన్నాళ్ళూ ఎలా పెట్టింది? పెంటకుప్ప కెలికి చెదలు, పురుగులు ఏరుకుని పెట్టింది. కాబట్టి విడిచి తిప్పే కోడికి ఈ మేతతో సరిపెట్టవచ్చు, వలలో మూసిన కోడికి సరిపోదు. వనరాజా అనేది రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన జాతి. దాన్నైనా రోజంతా గంప కింద పెడితే పురుగు ఎక్కడినుంచి వస్తుంది?

తవుడును చులకన చేయరాదు. చీపురుపల్లి పక్కనే గరివిడి. ఆ చుట్టుపక్కల మాంగనీసు గనులు. కోడూరులో తవ్వకం 1892లోనే మొదలైంది. ఆ మాంగనీసు రవ్వంత అందకపోతే కోడిపిల్లకు మడమ దగ్గర నరం జారి కాలు పక్కకు తిరిగిపోతుంది. మొక్కజొన్నలో అది బహు తక్కువ, తవుడులో దండిగా ఉంటుంది. ఊళ్ళ కింద అంత ఖనిజం ఉన్నా పిల్లకు అందేది తవుడు బస్తాలోంచే. అయితే తవుడు నిలవుంటే ముక్కిపోతుంది. నెలకు సరిపడా కొనిపెట్టుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు. మాంసకృత్తుల కోసం వేసే వేరుశనగ చెక్క సంగతి ఇంకా ఘోరం. తడిసి బూజు పట్టిందా, కాలేయం పోయినట్టే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు పోయింది ఆ బూజు విషంతోనే.

ఇక రెండో పాదం. ఒక్కో పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం పడుతుంది. మేతలో లేకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది. కొన్నాళ్ళకు అదీ చాలదు. అప్పుడే గూట్లో చెయ్యి పెట్టిన ఇల్లాలి వేళ్ళకు మెత్తగా, తడితడిగా తగులుతుంది. “ఓలమ్మ, తోలుగుడ్డు ఎట్టీసినాది!” అని కేక. దిష్టి తీయడం ఆమె ఇష్టం, కానీ చిప్ప వేయడం అవసరం.

ఇక్కడ “చిప్ప పలుకు లేక” అని ఒక పాఠాంతరం ప్రతిపాదిస్తున్నాను. ఛందస్సుకు భంగం లేదు, కోడికి లాభం ఉంది. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట. పొడి త్వరగా దాటిపోతుంది; పలుకైతే కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అందుకే సాయంత్రం ఈ పలుకులు విడిగా ఒక గిన్నెలో పోసి ఉంచాలి. కావలసిన పెట్ట తనే వచ్చి ఏరుకుంటుంది.

శంక: గుడ్లకోడి దాణా బస్తా కొని అందరికీ పోస్తే సరిపోదా? సమాధానం: సరిపోదు. పెట్టకు మేలు చేసే ఆ దాణాలోని సున్నమే కోడిపిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. పిల్లలకు పిల్లల దాణా వేరే ఉంది. అవి తినేటప్పుడు పెట్టలు మీద పడకుండా సందులున్న గంప బోర్లించాలి. పిల్లల ఊసే ఎత్తకపోవడం కవి చేసిన లోపం. ఇక ఊళ్ళో కనకమహాలక్ష్మి జాతరకు చుట్టాలొస్తే కోతకు వెళ్ళే పుంజుకు నూకలు చాలునని మా అభిప్రాయం.

అలంకారం: అతిశయోక్తి. కోడి కూలి కోరడం ఎవరూ చూడలేదు. మేత చాలకపోతే పక్కింటి వాళ్ళు ఎండబోసుకున్న చోళ్ళ మీదకు పోతుంది.