లారీ ఆగిన చోట తర్కశాస్త్రం

భారీ డీజిల్ లారీ ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు. సిలిండరులో గాలిని గట్టిగా అణచి వేడెక్కించి, ఆ వేడిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే అది దానంతటదే అంటుకుంటుంది కాబట్టి, గాలీ డీజిలూ వేళకు అందినంత కాలం యజమాని అప్పులతో గాని, డ్రైవరు నిద్రతో గాని నిమిత్తం లేకుండా ఇంజను నడుస్తూనే ఉంటుంది. డీజిలు అందనప్పుడు మాత్రం బండి లాగడం లేదని ఒకరు, మిస్సింగ్ కొడుతోందని ఒకరు, ఎయిర్ పట్టిందని ఇంకొకరు వాఙ్మూలం ఇస్తారు. ముగ్గురూ చెప్పేది నిజమే కావచ్చు. ఆ మూడింటికీ మూలమైన వస్తువు ఖరీదు ఈ విచారణలో తాగిన టీల ఖరీదుకన్నా తక్కువే కావచ్చు.

పాత తరహా బండిలో ట్యాంకు నుంచి డీజిలును పీల్చుకొచ్చే చిన్న పంపును ఫీడ్ పంపు అంటారు. అది ఫిల్టర్ల గుండా తోసిన డీజిలును ఒక్కొక్క సిలిండరుకు కొలిచి, దాని వంతు వచ్చినప్పుడు పెద్ద ఒత్తిడితో పంపేది ఎఫ్.ఐ. పంపు, చివర తుంపరగా చిమ్మే ముక్కు నాజిల్. ఎఫ్.ఐ. పంపులోని ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే గనుక (తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు), దుమ్మూ నీరూ దానికి పరమ శత్రువులు. మైకో కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా షెడ్లలో ఇంకా ‘మైకో పంపు’గానే చలామణీ అయ్యే ఈ యంత్రానికి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ప్రత్యేక వైద్యులుంటారు, కొన్ని షెడ్లలో దాన్ని విప్పే గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఇంత వైభవం ఉన్నందుకే కాబోలు, ఊళ్లో ఏ దొంగతనం జరిగినా జమీందారును అనుమానించినట్టు, బండి ఎందుకు ఆగినా ముందుగా ఎఫ్.ఐ. పంపునే విప్పదీస్తారు.

పొగను చూసి నిప్పును ఊహించడం మన తర్కశాస్త్రానికి ప్రథమ పాఠం. నిప్పు లేనిదే పొగ రాదని ఇంటి సామెత కూడా. లారీ దగ్గర ఈ రెండూ చెల్లవు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సరు నుంచి తెల్లపొగ వస్తే సాధారణంగా దాని అర్థం, డీజిలు సిలిండరు దాకా చేరింది గాని మండలేదని, అంటే పొగ ఉన్నది నిప్పు లేనందుకేనని. పొగ ఆనవాలే లేకపోతే డీజిలే చేరలేదని. నైయాయికుడెవరైనా క్లీనరుగా కుదిరితే మొదటి ట్రిప్పులోనే సిద్ధాంతం మార్చుకోక తప్పదు.

అంతకన్నా చిత్రమైనది కారని లీకు. ఫీడ్ పంపు దాటిన తర్వాత డీజిలు తోపుడు మీద పోతుంది కాబట్టి అక్కడ జాయింటు వదులైతే తడి మరక సాక్ష్యం చెబుతుంది. పంపుకు ముందున్న దారి పీల్పుది. అక్కడ అరిగిన రాగి వాషరు బొట్టు కూడా కార్చకుండా బయటి గాలిని లోపలికి లాగుతుంది. కనుక ఆ వైపున పొడిగా, శుభ్రంగా, దొరబాబులా కనిపించే జాయింటునూ వదలకూడదు. లోపల చేరిన గాలిని వెళ్లగొట్టడాన్ని ఎయిర్ తీయడం అంటారు. ఫిల్టరు మీది స్క్రూను డ్రైవరు రెండు చుట్లు వదులు చేస్తే, క్లీనరు ఫీడ్ పంపు మీది చేతి మీటను బొటనవేలు వాచేలా నొక్కుతాడు. మొదట తాటికల్లు నురగలా బుసబుసలు, తర్వాత బుడగలూ డీజిలూ కలగలిపి, చివరికి బుడగ లేని సన్నని ధార. స్క్రూ బిగించాల్సింది ఆ క్షణాన. సాధారణంగా ఫోను మోగేదీ అప్పుడే.

ఒక్కో నాజిల్‌కు డీజిలు తెచ్చే గొట్టం నట్టు వదులు చేసి ఏ సిలిండరు పని చేయడం లేదో చెవితో పట్టే పాత విద్యను 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్ల మీద ప్రయోగించరాదు. వాటిలో నాజిళ్లన్నిటికీ డీజిలు పంచే ఉమ్మడి గొట్టమైన కామన్ రైల్‌లో డీజిలు 1,600 బార్లకు పైబడిన ఒత్తిడిలో ఉండగలదు. ఒక బారంటే రమారమి మన నెత్తిమీది గాలి మోపే బరువు. ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతే రిపేరు జరగాల్సింది ఆసుపత్రిలో.

పండితులను సైతం బోల్తా కొట్టించే రోగం ఇంకొకటి ఉంది. బండి ఇరవై కిలోమీటర్లు చక్కగా లాగి, ఊపిరాడనట్టు ఆగి, అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఆ అరగంటలో పంపును స్పానరుతో రెండు తట్లు తట్టినవారు తమ హస్తవాసి అంటారు, బంపరుకు కొత్త నిమ్మకాయ కట్టినవారు దిష్టి పోయిందంటారు, ఏమీ చేయక కునుకు తీసినవారు ఇంజను చల్లారిందని శాస్త్రీయంగానూ తప్పుగానూ వివరిస్తారు. ట్యాంకును వదిలేసి, డీజిలు డబ్బా ఒకటి పైన కట్టి, దాని గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకు తగిలించి నడిపితే బండి ఆగదు. దోషం ట్యాంకు వైపే ఉందని ఐదు రూపాయల గొట్టంతో తేలిపోతుంది. ట్యాంకు దించి చూస్తే, ఎప్పుడో పోయిన మూతకు బదులుగా కుక్కిన పాలిథిన్ కవరు లోపలికి జారి, పీల్చే గొట్టం మూతికి అతుక్కోవడం, ఇంజను ఆగి పీల్పు పోగానే విడివడడం అలవాటు చేసుకుని ఉంటుంది. దాని మీద బట్టల దుకాణం పేరు చదవడానికి ఇంకా వీలుగానే ఉంటుంది. ట్యాంకు కడిగి, వడగట్టిన డీజిలు పోసి, ఎయిర్ తీసి, మొదటి సెల్ఫ్‌కే ఇంజను లేచిన తర్వాత, మూతలు అమ్మే షాపు తెల్లవారితే గాని తెరవరని తెలిసి, క్లీనరు క్యాబిన్‌లో మరో కవరు కోసం వెతుకుతాడు.